సామెతను విప్పి రాయడం: మనవరాలికి ఉత్తరం

చిరంజీవి మనవరాలికి తాతయ్య ఆశీస్సులు.

నువ్వు ఫోనులో పంపిన పేరా రెండుసార్లు చదివాను. ‘చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు’ అన్న సామెతను విస్తరించి రాయమంటే, ‘సామెత లేని మాట ఆమెత లేని ఇల్లు’ అంటూ మొదలుపెట్టావు. 30 ఏళ్లపాటు తెలుగు చెప్పినవాణ్ని, ఆ వాక్యంతో మొదలైన జవాబులు ఎన్ని దిద్దానో లెక్క లేదు. మంచి మాటే, కానీ అది సామెతలన్నింటికీ చెల్లుతుంది. నీకిచ్చిన సామెత గురించి ఒక్క ముక్క కూడా చెప్పదు. కొట్టేయి. తర్వాతి నాలుగు వాక్యాలూ ‘ముందు జాగ్రత్త అవసరం’ అన్న ఒకే సంగతిని మాటలు మార్చి చెబుతున్నాయి. వాటిలో ఒకటి ఉంచి మిగతావి తీసేయి. ఏమీ మిగల్లేదే అని దిగులుపడకు. అసలు పని ఇప్పుడే మొదలవుతుంది.

ముందుగా అర్థం జోలికి పోవద్దు. బొమ్మను చూడు. పొయ్యి మీద గిన్నె కాగుతోంది, దించాలి. అరచేతులకు ఆకులు అడ్డం పెట్టుకుని పట్టుకుంటే వేడి తగలదు. ఈ మనిషి ఒట్టి చేతులతో పట్టుకున్నాడు. చేతులు చుర్రుమన్నాక ఆకులు అందుకున్నాడు. ఇక్కడ కాసేపు ఆగు. ఆకులు దొరకని వస్తువులా? పక్కనే ఉన్నాయి. వాటి ఉపయోగం అతనికి తెలియదా? తెలియకపోతే తర్వాత మాత్రం ఎందుకు అందుకుంటాడు? అంటే ఉపాయం తెలుసు, అది చేతికందేంత దూరంలోనే ఉంది, వేళ మాత్రం దాటిపోయింది. ఈ సామెతలోని నొప్పంతా అక్కడే ఉంది. నీ ‘ముందు జాగ్రత్త’లో ఆ నొప్పి వినిపించడం లేదమ్మా.

నువ్వు చదువుకున్న ఉపమాలంకారం కూడా ఇక్కడ సాయం చేస్తుంది. దేన్ని పోలుస్తామో అది ఉపమేయం, దేనితో పోలుస్తామో అది ఉపమానం, రెండింటికీ ఉమ్మడిగా ఉన్న గుణం సమానధర్మం, పోలికను తెలిపే మాట ఉపమావాచకం అని నాలుగు అంగాలు కదా. ‘అట్టు’తో ముగిసే సామెతలో ఉపమానం ఉంటుంది, ఆ ‘అట్టు’ ఉపమావాచకం. తక్కిన రెండూ ఉండవు. ఎవరు ఏం చేస్తే అలా అనిపించిందో, రెండింటికీ పోలిక ఎక్కడ కుదిరిందో సామెత మనకు వదిలేస్తుంది. విస్తరించడమంటే నా లెక్కలో ఆ రెండు ఖాళీలను పూరించడమే. నేను రాస్తే ఇలా రాస్తాను:

“ఒక విద్యార్థి రెండు నెలలు కూర్చుని కంప్యూటర్‌లో ప్రాజెక్టు రాసుకున్నాడు. ఇంకో చోట నకలు దాచుకోమని స్నేహితుడు చెబితే, రేపు చూద్దామన్నాడు. గడువుకు రెండు రోజుల ముందు కంప్యూటర్ పాడై, రాసినదంతా పోయింది. ఆ సాయంత్రమే వెళ్లి పెన్‌డ్రైవ్ కొనుక్కొచ్చాడు. నిన్నయితే అది ఐదు నిమిషాల పని. ఇవాళ అందులో దాచుకోవడానికి ఏమీ లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అంటే ఇదే. ఆకుల్లో లోపం లేదు, పట్టుకున్న వేళలో ఉంది.”

ఇందులో పెన్‌డ్రైవే ఆకు. ‘నిర్లక్ష్యం’ అన్న మాట ఎక్కడా వాడలేదు, ‘రేపు చూద్దాం’ అన్నది ఆ పని చేసింది. ‘రెండు నెలలు’ అని ఊరికే అనలేదు, పోయినదాని బరువు తెలియడానికే అన్నాను. ఎనిమిది వాక్యాలు. పేరాకు అంతకంటే అక్కర్లేదు.

అన్ని సామెతలూ ‘అట్టు’తో ముగియవు. ‘మొక్కై వంగనిది మానై వంగునా?’ అన్నది ప్రశ్న. వంగదన్న జవాబు అందులోనే ఉంది కాబట్టి, ఎందుకు వంగదో నువ్వు చెప్పాలి. లేత కాడ పచ్చిగా ఉంటుంది, మానులో చేవ గట్టిపడిపోతుంది. అక్కడి నుంచి అలవాట్ల మీదికి రా. నడివయసులో కొత్త విద్య పట్టుబట్టి నేర్చుకున్నవాళ్లు నీకు తెలిస్తే, సామెత అందరికీ వర్తించదని ఒక వాక్యం రాయడానికి జంకకు. పెద్దల మాటను కాదన్నట్టు అవుతుందని పిల్లలు భయపడతారు. నేను మాత్రం అలాంటి వాక్యం కనిపిస్తే ఆగి, మళ్లీ చదివి, మార్కు కలిపేవాణ్ని.

‘నిండు కుండ తొణకదు’ వంటివి ఇంకో రకం. అవి సగమే చెబుతాయి. చెప్పని సగం వెలితి కుండ. నీళ్లు తొణకాలంటే లోపల కదలడానికి చోటుండాలి, అంటే ఆ చప్పుడు ఖాళీ వల్ల వస్తోంది. ఇది పట్టుకున్నావా, ‘గొప్పవారు నిదానంగా ఉంటారు’ అన్న అరిగిపోయిన వాక్యం నీ కలం నుంచి రానే రాదు.

సామెతను పేరా మొదట్లో పెట్టాలా, చివర పెట్టాలా అని అడిగావు. నాకు చివర ఇష్టం. ప్రశ్నలో మొదట పెట్టమని ఉంటే అలాగే పెట్టు, పెద్ద తేడా రాదు.

ఇప్పుడు అదే సామెతను మళ్లీ రాయి. నా పెన్‌డ్రైవ్ మాత్రం తీసుకోకు. నీకు జరిగినదో, నీ కళ్లతో చూసినదో ఒకటి వెతుకు. అందులో ‘ఆకు’ ఏదో ముందు ఒక్క మాటలో నాకు రాసి పంపు. అది కుదిరాక పేరా రాద్దువుగాని.

నీ తాతయ్య