పరుగు లెగ్గింగ్స్: బిగుతు ఎంత, బట్ట ఏది?

ప్రశ్న: నా వయసు 34. తిరుపతిలో ఉంటాను. ఉదయం పూట ఎస్వీ యూనివర్సిటీ మైదానంలో పరుగెత్తుతాను. వారంలో మూడు సాయంత్రాలు జిమ్‌లో తాడాట, గెంతులు, బర్పీలు (గొంతుక్కూర్చొని, నేలకు వాలి, లేచి గెంతే వ్యాయామం) చేయిస్తారు. ఇప్పటివరకూ చుడీదార్ టాపుల కిందికి వాడే కాటన్ లెగ్గింగ్సే వేసుకుంటున్నాను. అవి చెమటకు తడిసి బరువెక్కి నడుము దగ్గర జారుతున్నాయి. తొడల లోపలివైపు ఒరుసుకొని మంట పుడుతోంది. కంప్రెషన్ లెగ్గింగ్స్, అంటే కాళ్లను బిగుతుగా పట్టి ఉంచే సాగే లెగ్గింగ్స్, కొందామంటే ధరలు 600 రూపాయల నుంచి 4,000 దాకా ఉన్నాయి. వేగం పెరుగుతుందని, మోకాళ్లకు రక్షణ అని ప్రకటనలు చెబుతున్నాయి. అంత బిగుతు బట్ట వేసుకుంటే కాళ్లకు రక్తం ఆడదని మా అత్తగారు అంటున్నారు. ఎవరి మాట నమ్మాలి, ఏది కొనాలి?
— ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: మీ ఇబ్బందికి మూలం నూలు బట్ట స్వభావంలోనే ఉంది. నూలు పోగు నీటిని తనలోకి పీల్చుకొని పట్టి ఉంచుతుంది. మామూలు గాలిలో ఉన్నప్పుడే అది తన బరువులో సుమారు 8 శాతం తేమను పట్టుకుంటుంది. నైలాన్ 4 శాతం దగ్గర ఆగుతుంది, పాలిస్టర్ అర శాతం కూడా పట్టుకోదు. చెమట పట్టినప్పుడు ఈ తేడా చాలా పెరుగుతుంది. తడిసిన నూలు చర్మానికి అంటుకొని ప్రతి అడుగుకూ రుద్దుతుంది. పైగా చుడీదార్ లెగ్గింగ్స్‌లో సాగే పోగు, అంటే ఎలాస్టేన్, సాధారణంగా 5 శాతమే ఉంటుంది కాబట్టి, సాగిన బట్ట తిరిగి బిగియక జారుతుంది. వ్యాయామానికి ఉద్దేశించిన లెగ్గింగ్స్‌లో నైలాన్ గానీ పాలిస్టర్ గానీ 75 నుంచి 80 శాతం, ఎలాస్టేన్ 20 శాతానికి అటూ ఇటూ ఉంటుంది. దీన్నే కొన్ని లేబుళ్లపై స్పాండెక్స్ అనీ, లైక్రా అనీ రాస్తారు. లోపలి లేబుల్‌పై ఈ సంఖ్యలు చూడకుండా కొనవద్దు.

ప్రకటనల మాటకు వద్దాం. ఇలాంటి బట్ట కండరాల అదురును తగ్గిస్తుందన్నది నిజమే. అమెరికాలో ఒహాయో స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 2017లో వెల్లడించిన ఫలితాల్లో, కంప్రెషన్ టైట్స్ వేసుకొని పరుగెత్తినవారి కాలి కండరాల కంపనం తగ్గింది గానీ, అలసట మాత్రం తగ్గలేదు. వేగం విషయంలోనూ చెప్పుకోదగ్గ లాభం కనిపించిన అధ్యయనాలు తక్కువ. మోకాలి కీలును పట్టి ఉంచే శక్తి పలుచని సాగే బట్టకు లేదు. మోకాళ్లు నొప్పి పెడుతుంటే బూట్లనూ, పరుగు దూరాన్ని ఎంత త్వరగా పెంచుతున్నారనే విషయాన్నీ చూసుకోవాలి. అందుకే నా అభిప్రాయం సూటిగా చెబుతాను: జారకుండా నిలవడానికి, ఒరిపిడి ఆగడానికి, తొడలు, పిరుదులు అదరకుండా హాయిగా ఉండడానికి ఈ లెగ్గింగ్స్ కొనండి. వేగం కోసం ఎక్కువ ధర పెట్టవద్దు. చేతిలో ఉన్న డబ్బు పరిమితమైతే ముందు మంచి బూట్లకు, సరిగ్గా పట్టి ఉంచే స్పోర్ట్స్ బ్రాకు ఖర్చు చేయండి. గెంతే వ్యాయామాల్లో వాటి అవసరం లెగ్గింగ్స్ కంటే చాలా ఎక్కువ.

మీ అత్తగారి మాటను తోసిపుచ్చకండి. సరైన కొలత లెగ్గింగ్స్ ఆరోగ్యవంతుల కాళ్లలో రక్తప్రసారాన్ని ఆపవు, కానీ చిన్న కొలత కొనుక్కొని బలవంతంగా ఎక్కించుకుంటే ఆవిడ భయం కొంతవరకు నిజమవుతుంది. పాదాలు తిమ్మిరెక్కడం, వేళ్లు పాలిపోవడం, నడుము దగ్గర లోతుగా చార పడి చాలాసేపు పోకపోవడం, పొట్ట నొక్కుకుపోయి నిండుగా ఊపిరి తీసుకోలేకపోవడం, పుల్లటి తేన్పులు రావడం, ఇవన్నీ అతి బిగుతుకు గుర్తులు. చర్మాన్ని అంటిపెట్టుకొని ఉండాలి, వేళ్లతో కొద్దిగా పట్టి లాగితే లేవాలి, వదిలితే వెంటనే తిరిగి అతుక్కోవాలి. అదే తగిన బిగుతు.

కొలతల్లో చాలామంది నడుమొక్కటే చూస్తారు. మన ఆడవాళ్లలో నడుముకూ పిరుదులకూ మధ్య తేడా ఎక్కువగా ఉండేవారు చాలామంది ఉన్నారు కాబట్టి, టైలర్లు సీటు అని పిలిచే కొలతే ఇక్కడ కీలకం. టేపుతో నడుము, సీటు, తొడలో అన్నిటికంటే లావైన చోటు, పిక్క, తొడ మొదలు నుంచి చీలమండ దాకా లోపలివైపు పొడవు రాసుకోండి. ఆ కంపెనీ ఇచ్చిన పట్టికతో పోల్చండి. ఒక కంపెనీ ‘ఎం’ మరో కంపెనీ ‘ఎల్’ అవుతుంది, అక్షరాన్ని నమ్మకండి. నడుము ఒక కొలతలో, సీటు మరో కొలతలో పడితే సీటు ప్రకారం తీసుకొని, నడుము పట్టీలో బిగించుకునే తాడు ఉన్న రకాన్ని ఎంచుకోండి.

దుకాణంలో వేసుకొని అద్దం ముందు నిలబడి చూసుకుంటే సరిపోదు. గొంతుక్కూర్చొని లేవండి, మోకాళ్లు ఛాతీ దాకా లేపుతూ ఉన్నచోటే పరుగెత్తండి, నాలుగైదు గెంతులు వేయండి. చేత్తో నడుము పట్టీని పైకి లాగవలసి వచ్చిందంటే అది మీకు తగినది కాదు, ధర ఎంత తగ్గినా సరే. గొంతుక్కూర్చున్నప్పుడు వెనకవైపు బట్ట సాగి లోపలిది కనిపిస్తుందేమో వెలుతురులో ఎవరినైనా చూడమనండి. లేత రంగుల్లో ఈ ఇబ్బంది ఎక్కువ. కుట్లు ఉబ్బెత్తుగా కాక పరిచినట్టు చదునుగా ఉన్నాయా, రెండు కాళ్లూ కలిసే చోట నాలుగు కుట్లు ఒకే బిందువులో కలవకుండా విడి ముక్క వేసి కుట్టారా అన్నది లోపల తిప్పి చూడండి. మీ తొడల మంటకు సగం మందు ఆ కుట్టులోనే ఉంది. లోపలి తొడ వెంబడి పొడవునా మందపాటి కుట్టు ఉన్న లెగ్గింగ్స్ మీరు అసలు తీసుకోవద్దు.

మన ఊరి వాతావరణం వేరే సంగతి. ఏప్రిల్, మే నెలల్లో తిరుపతిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఉదయం ఏడున్నరకే మైదానంలో నేల వేడెక్కుతుంది. చలి దేశాల కోసం తయారైన మందపాటి లెగ్గింగ్స్ ఇక్కడ వేసవిలో ఒంటికి భారమే. చదరపు మీటరు బట్ట బరువును జీఎస్ఎం అంటారు. ఎండాకాలానికి 200 ప్రాంతంలో, పిక్కల దాకా వచ్చే పొట్టి రకం బాగుంటుంది. 280, 300 ఉన్నవి గట్టిగా పట్టి ఉంచుతాయి గానీ చల్లని నెలలకూ, ఫ్యాన్లున్న జిమ్‌కూ తగినవి. వీలైతే రెండు రకాలూ ఒక్కొక్కటి ఉంచుకోండి. అన్ని వ్యాయామాలకూ ఒకటే కొనవలసి వస్తే పలుచని రకానికే నేను మొగ్గు చూపుతాను. బిగుతు బట్టతో బయటికి రావడానికి మొహమాటమైతే పొడవాటి కుర్తా కంటే మోకాలి పైదాకా వచ్చే వదులైన నిక్కరు పైన వేసుకోండి; కుర్తా కాళ్లకు అడ్డం పడుతుంది.

అలిపిరి మెట్ల మీద సాధన చేసే ఉద్దేశం ఉంటే ఒక మాట. ఆ 3,550 మెట్లు ఎక్కేటప్పుడు మోకాలు ప్రతిసారీ బాగా వంగుతుంది కనుక, మైదానంలో నిలిచిన నడుము పట్టీ అక్కడ జారవచ్చు. దిగేటప్పుడు తొడ కండరాలు సాగుతూ బరువు మోస్తాయి, అందుకే మర్నాటి నొప్పులు ఎక్కువగా దిగడం వల్లనే వస్తాయి. అలాంటి రోజు వ్యాయామం అయ్యాక పొడి కంప్రెషన్ లెగ్గింగ్స్ కొన్ని గంటలు వేసుకుంటే మర్నాటి నొప్పి కొందరికి తగ్గుతుంది. దర్శనానికి వెళ్లేట్టయితే సంప్రదాయ దుస్తులు వెంట ఉంచుకోవాలని మీకు తెలిసిందే.

చెమటతో తడిసిన లెగ్గింగ్స్‌తో ఇంటిపని మొదలుపెట్టకండి. గజ్జల్లో తామర పట్టడానికి ఆ తడి, వేడి చాలు. ఇంటికి రాగానే మార్చుకోండి.

ప్రశ్న: నాకు 48 ఏళ్లు. పిక్కల్లో సిరలు ఉబ్బి మెలికలు తిరిగాయి. డాక్టరు గారు కాళ్లను నొక్కి పట్టే మేజోళ్లు రాశారు. వాటికి బదులు రన్నింగ్ లెగ్గింగ్స్ వేసుకొని నడవవచ్చా?
— ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: బదులుగా వద్దండి. వైద్యులు రాసే మేజోళ్ల ఒత్తిడిని పాదరస మిల్లీమీటర్లలో కొలిచి 15–20, 20–30, 30–40 అని తరగతులుగా ఇస్తారు. ఆ ఒత్తిడి చీలమండ దగ్గర అత్యధికంగా ఉండి పైకి వెళ్లేకొద్దీ తగ్గుతుంది, దానివల్లనే రక్తం గుండె వైపు కదలడానికి సాయం అందుతుంది. రన్నింగ్ లెగ్గింగ్స్‌లో చాలావాటిపై అలాంటి కొలతే ఉండదు. తొడ దగ్గర గట్టిగా, చీలమండ దగ్గర వదులుగా ఉంటే మీకు మేలు జరగదు. డాక్టరు గారు రాసిన తరగతి మేజోళ్లు వేసుకొని, పైన వదులైన ప్యాంటుతో నడవండి. మధుమేహం వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవారు, కాలి ధమనుల్లో రక్తప్రసారం తక్కువైనవారు మాత్రం ఏ రకం బిగుతు బట్టనైనా వైద్యులను అడగకుండా వాడకూడదు. ఒక కాలు మాత్రమే ఉన్నట్టుండి వాచి, పిక్క నొప్పి పెడితే బట్టల సంగతి పక్కన పెట్టి అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

ప్రశ్న: 2,000 రూపాయల లెగ్గింగ్స్ కొన్ని నెలలకే వదులయ్యాయి. లోపం బట్టదా, ఉతుకుడుదా?
— ఒక పాఠకుడు, శ్రీకాళహస్తి

జవాబు: ఉతుకుడు వల్లనే కావడానికి అవకాశం ఎక్కువ. ఎలాస్టేన్‌కు వేడి నీరు, బ్లీచింగ్, ఇస్త్రీ, మండుటెండ పడవు. తిరగేసి, చల్లని నీటిలో తక్కువ సబ్బుతో ఉతికి, మెలితిప్పి పిండకుండా తువ్వాలులో చుట్టి నొక్కి నీడలో ఆరవేయండి. బట్టలను మెత్తబరిచే కండిషనర్ వాడకండి, అది పోగుల మీద పొరలా పేరుకొని చెమటను బయటికి పోనివ్వదు. నవంబరు వానల్లో బట్టలు ఆరక వాసన వస్తాయి కాబట్టి ఫ్యాను కింద వేయండి, పొయ్యి దగ్గర మాత్రం వేలాడదీయకండి.