కంటైనర్‌ను ఆపింది ఏ దేశం?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో మూడు యూరప్ చుట్టూనే తిరిగాయి. రొయ్యల ప్లాంటు క్వాలిటీ విభాగంలో పనిచేసి రిటైరైనవాణ్ని. అందుకని మొదటి ప్రశ్నకి కాస్త ఎక్కువ చోటు ఆక్రమిస్తున్నాను. మిగతా ఇద్దరూ ఏమీ అనుకోవద్దు.

ప్ర: మాకు ఆకివీడు దగ్గర రొయ్యల చెరువులున్నాయి. యూరప్ వెళ్లిన కంటైనర్‌ను బెల్జియంలో ఆపేశారని చెప్పి ఈసారి పట్టుబడికి రేటు తగ్గించారు. బెల్జియం వద్దంటే ఫ్రాన్స్‌కి పంపుకోవచ్చు కదా? ఆ రూల్స్ పెట్టేది అసలు ఎవరు?
– ఒక రైతు, పశ్చిమ గోదావరి

జ: పంపుకోలేరండీ. ఆంట్‌వెర్ప్ రేవులో పెట్టె తెరిపించేది బెల్జియం అధికారే, ఆయనకు జీతమిచ్చేదీ బెల్జియమే. కానీ ఆయన అమలు చేసే రూలు మాత్రం యూరోపియన్ యూనియన్‌ది, అంటే 27 దేశాలదీ. అక్కడ శాంపిల్ ఫెయిలైతే ఆ సంగతి ఈయూ హెచ్చరికల నెట్‌వర్క్‌లోకి ఎక్కుతుంది, అన్ని దేశాల అధికారులకూ తెలిసిపోతుంది. పాసైతే మాత్రం మళ్లీ సరిహద్దు తనిఖీ అంటూ ఉండదు. ఆంట్‌వెర్ప్‌లో దిగిన మీ రొయ్య పారిస్ హోటల్ దాకా దర్జాగా వెళ్తుంది.

క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్ సంగతే చూడండి. నా ఉద్యోగం రోజుల్లో ల్యాబ్ రిపోర్టులో 0.3 పీపీబీ (పీపీబీ అంటే వంద కోట్ల పాళ్లలో ఒక పాలు) దాటిందంటే ప్లాంటంతా టెన్షన్. 2022 నవంబర్ చివరి నుంచి ఆ హద్దు 0.15కి దిగింది. వెయ్యి టన్నుల రొయ్యల్లో 0.15 గ్రాము అన్నమాట! పైగా మన చెరువు రొయ్యల కంటైనర్లలో పరీక్షకు తీసే వాటాను 2016లో 10 శాతం నుంచి 50 శాతానికి పెంచారు. ఇది ఏ ఒక్క దేశమో తీసుకున్న నిర్ణయం కాదు. బ్రస్సెల్స్‌లోని యూరోపియన్ కమిషన్ ప్రతిపాదిస్తే, సభ్య దేశాల ప్రతినిధులు కమిటీలో ఓటు వేసి ఖాయం చేసేది. మీ కొనుగోలుదారు చెప్పింది నిజమో, రేటు కొయ్యడానికి సాకో నాకు తెలియదు. పట్టుబడికి ముందు చేయించిన యాంటీబయాటిక్ టెస్టు కాగితం మాత్రం మీ దగ్గర భద్రంగా ఉంచుకోండి.

ఇక చట్టం సంగతి. ఈయూ ‘రెగ్యులేషన్’ చేస్తే అది అన్ని దేశాల్లోనూ నేరుగా చట్టమే, ఏ పార్లమెంటూ మళ్లీ ఆమోదించనక్కర్లేదు. ‘డైరెక్టివ్’ అయితే లక్ష్యం, గడువు చెబుతుంది. చట్టం ఎవరికి వారు చేసుకోవాలి. 2024 డిసెంబర్ 28 నుంచి అక్కడ అమ్మే కొత్త ఫోన్లకు టైప్-సి చార్జింగే ఉండాలన్నది డైరెక్టివే. ఆపిల్ గడువు దాకా ఆగకుండా 2023లో ఐఫోన్ 15తోనే మారిపోయింది. మన ఊళ్లో అమ్ముతున్న ఐఫోన్‌కీ ఆ పిన్నే వచ్చింది చూడండి.

దేశం చట్టం, ఈయూ చట్టం ఢీకొంటే? 1964లో మిలాన్ వకీలు ఒకాయన, కోస్టా అని, ఇటలీ ప్రభుత్వం కరెంటు కంపెనీలను జాతీయం చేసిందన్న కోపంతో కరెంటు బిల్లు కట్టనని మొండికేశాడు. బిల్లు రెండు వేల లీరాలు కూడా లేదు. ఆ కేసులోనే లక్సెంబర్గ్‌లోని ఉమ్మడి కోర్టు, సభ్య దేశాల చట్టాలకంటే ఉమ్మడి చట్టానిదే పైచేయి అని తేల్చింది. సభ్య దేశాలు చేసుకున్న ఒప్పందంలో ఆ మాట ఎక్కడా రాసి లేదు! అందుకే జాతీయ రాజ్యాంగ కోర్టులు కొన్ని ఇప్పటికీ ఆ మాట పూర్తిగా మింగలేకపోతున్నాయి. అయితే లక్సెంబర్గ్ మాట వినకపోతే జేబుకు చిల్లే. శరణార్థుల విషయంలో తీర్పు అమలు చేయలేదని 2024 జూన్‌లో హంగరీకి 20 కోట్ల యూరోల జరిమానా వేసి, అమలు చేసేదాకా రోజుకు 10 లక్షల యూరోలు కట్టమంది.

ప్ర: మా అబ్బాయి జర్మనీలో, ఆఖెన్‌లో ఎం.ఎస్. చేస్తున్నాడు. పక్కనున్న నెదర్లాండ్స్‌కి బస్సులో వెళ్లి కూరగాయలు తెచ్చుకునేవాడు. మొన్న తిరిగొస్తుంటే పోలీసులు బస్సెక్కి పాస్‌పోర్టు అడిగారట. సరిహద్దులు తీసేశారంటారు, మరి ఇదేమిటండీ?
– ఒక తల్లి, తణుకు

జ: కంగారు పడకండమ్మా, మీవాడు చేసిన తప్పేమీ లేదు. 1985లో లక్సెంబర్గ్‌లోని షెంగెన్ అనే పల్లె దగ్గర, మోసెల్ నదిలో పడవ మీద ఐదు దేశాలు సంతకాలు చేసి ఎత్తేయాలనుకున్నది గేట్లను మాత్రమే. గీతలు గీతల్లాగే ఉన్నాయి. భద్రతకు ముప్పుందని చెప్పి కొంతకాలం గేటు మళ్లీ వేసుకునే హక్కును ప్రతి దేశమూ తన దగ్గరే ఉంచుకుంది. జర్మనీ 2024 సెప్టెంబర్ 16 నుంచి తన అన్ని భూ సరిహద్దుల్లోనూ తనిఖీలు పెట్టింది. తాత్కాలికమని పేరు, పొడిగింపుల మీద పొడిగింపులు! 2025 జులైలో పోలండ్ కూడా జర్మనీ వైపు సరిహద్దులో తనిఖీలు మొదలుపెట్టింది. రొయ్య మీద ఉడుంపట్టు పట్టే బ్రస్సెల్స్, మనిషి దగ్గరికొచ్చేసరికి చేతులు నలుపుకుంటుంది. నాకైతే ఇది చిత్రంగానే ఉంటుంది.

అబ్బాయిని కూరగాయలకి వెళ్లినా పాస్‌పోర్టు, జర్మనీ రెసిడెన్స్ కార్డు రెండూ జేబులో పెట్టుకోమనండి. ఆ కార్డుతో మిగతా షెంగెన్ దేశాల్లో (ఆ గేట్లెత్తే ఒప్పందంలో ఉన్నవాటిలో) ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులు తిరగొచ్చు. స్విట్జర్లాండ్ ఈయూలో లేకపోయినా షెంగెన్‌లో ఉంది, వెళ్లొచ్చు. ఐర్లండ్ ఈయూలో ఉన్నా షెంగెన్‌లో లేదు, వేరే వీసా కావాలి. ఇంకొకటి: ఆ కార్డు చూపించి నెదర్లాండ్స్‌లో పార్ట్‌టైమ్ ఉద్యోగం చేయకూడదు. పని అనుమతి ఏ దేశానిది ఆ దేశానిదే.

ప్ర: అందరికీ ఒకే కరెన్సీ ఉంటే లాభమా, నష్టమా సార్?
– ఒక డిగ్రీ విద్యార్థి, వరంగల్

జ: గ్రీసును అడుగు బాబూ. అప్పుల్లో మునిగినప్పుడు సొంత నోటున్న దేశం దాని విలువ తగ్గించుకుంటుంది, సరుకు చవకై ఎగుమతులు పెరుగుతాయి. గ్రీసు చేతిలో ఆ దారి లేదు. యూరో మీద పెత్తనం ఫ్రాంక్‌ఫర్ట్‌లోని కేంద్ర బ్యాంకుది. 2015 జూన్ చివర గ్రీసులో బ్యాంకులు మూసేశారు, ఏటీఎంలో రోజుకు 60 యూరోలే. జులై 5న ప్రజలు 61 శాతం మంది అప్పులోళ్ల షరతులు వద్దని ఓటేశారు. పది రోజులు తిరక్కుండానే వాళ్ల ప్రభుత్వం షరతులకు తలొంచింది.

మనకీ అన్ని రాష్ట్రాలకూ ఒకే రూపాయి కదా అంటావేమో. రూపాయి వెనక కేంద్ర బడ్జెట్ ఉంది, ఫైనాన్స్ కమిషన్ లెక్క ప్రకారం పేద రాష్ట్రానికి ఎక్కువ వాటా వెళ్తుంది. ఈయూ బడ్జెట్ సభ్య దేశాల మొత్తం ఆదాయంలో ఒక శాతం అటూఇటూ. నోటు ఉమ్మడి, ఖజానా ఎవరిది వారిది. చిక్కంతా అక్కడుంది. అందుకేనేమో 2003లో స్వీడన్ ప్రజలు ఓటేసి యూరో వద్దన్నారు. బల్గేరియా మాత్రం 2026 జనవరి 1న చేరి 21వ దేశమైంది, చిన్న దేశాలకు మారకం ఖర్చు తప్పడం పెద్ద ఊరటే మరి. పరీక్ష కోసమే అడిగివుంటే యూరోకి పునాది వేసిన మాస్ట్రిక్ట్ ఒప్పందం హద్దులు కూడా రాయి: జీడీపీలో బడ్జెట్ లోటు 3 శాతం, అప్పు 60 శాతం. రెండోదాన్ని ఫ్రాన్స్, ఇటలీ ఎన్నడో దాటేశాయని పక్కన చేర్చు.