రేటింగ్ ఇచ్చేవాళ్లకీ పరీక్ష పెట్టే ఉద్యోగం

ప్రశ్న: సైకాలజీలో పీజీ చేస్తున్నాను. ఉద్యోగులకు మేనేజర్లు ఇచ్చే రేటింగ్ ఎంత సరైనదో సిమ్యులేషన్లతో పరీక్షిస్తారని విన్నాను. ఈ రంగంలో అవకాశాలుంటాయా? ఏం నేర్చుకోవాలి?

జవాబు: ఉంటాయి. కాకపోతే ఈ పేరుతో ఉద్యోగ ప్రకటన కనబడటం అరుదు. అసెస్‌మెంట్ సంస్థలు, హెచ్‌ఆర్ అనలిటిక్స్ విభాగాలు, ప్రాక్టికల్ పరీక్షలు జరిపే బోర్డుల్లో వెతకండి.

ఆఫీసులో ఒకరికి 5కి 4 వస్తే, అది సరైనదో కాదో తేల్చడానికి ‘కీ’ ఎక్కడా ఉండదు. సిమ్యులేషన్ ఆ కీని తయారుచేస్తుంది. కోపంగా ఉన్న కస్టమర్‌తో ఉద్యోగి మాట్లాడే సన్నివేశం నటులతో తీస్తారు. ఉద్యోగి మాట తీయగా ఉంటుంది, కానీ ఫిర్యాదు రాసుకోడు, ఎప్పటికి తీరుతుందో చెప్పడు. నిపుణులు వీడియోను పదేపదే చూసి ఒక్కో అంశానికి స్కోరు ఖరారు చేస్తారు. తర్వాత మేనేజర్లు అదే చూసి రేటింగ్ ఇస్తారు. తేడా ఎంతో లెక్కే చెబుతుంది. మాటతీరు నచ్చి అన్నిటికీ 4 వేసేశారా? 1920లో అమెరికన్ సైకాలజిస్ట్ థార్న్‌డైక్ చెప్పిన హేలో ఎఫెక్ట్ అదే.

మరి ‘అలా వేయకండి’ అని నేర్పితే సరిపోదా? 1980లో బెర్నార్డిన్, పెన్స్ చేసిన ప్రయోగంలో అలా నేర్పాక హేలో తగ్గింది, దాంతోపాటు కచ్చితత్వమూ తగ్గింది! అన్నిటికీ ఒకే మార్కు వేస్తే తప్పంటారని జనం కావాలనే అటూ ఇటూ వేస్తారు. నిజంగా అన్నిట్లో బాగా చేసినవాళ్లు నష్టపోతారు. అందుకే ఫ్రేమ్ ఆఫ్ రిఫరెన్స్ ట్రైనింగ్ వచ్చింది. 4 అంటే ఎలాంటి పని, 2 అంటే ఎలాంటిది అని ముందే మాట్లాడుకుని, వీడియోకు రేటింగ్ ఇచ్చి, నిపుణుల స్కోరుతో ఎక్కడ తేడా వచ్చిందో చర్చిస్తారు. కచ్చితత్వం పెంచడంలో ఇది బాగా నిలబడింది.

ఒక్క మాట. వీడియోలో ఉన్న మనిషి రేపు మేనేజర్ ఎదుటి కుర్చీలో కూర్చోడు, కాబట్టి అక్కడ మొహమాటం ఉండదు. ఆఫీసులో ఉంటుంది. నిజం తెలిసీ మొహమాటానికి ఎక్కువ వేసే మేనేజర్ని ఏ ట్రైనింగూ పూర్తిగా మార్చలేదు. ఇంటర్వ్యూలో ఈ పరిమితి గురించి అడిగితే తడుముకోకండి.

స్టాటిస్టిక్స్ తప్పించుకోలేరు. కచ్చితత్వాన్ని నాలుగు భాగాలుగా విడదీసిన క్రోన్‌బాక్ 1955 వ్యాసం, స్కోర్లలో తేడా ఎంత ఉద్యోగి వల్ల, ఎంత రేటింగ్ ఇచ్చేవాళ్ల వల్ల వచ్చిందో విడదీసే జనరలైజబిలిటీ థియరీ, ఆర్ (R) లేదా పైథాన్ ప్రోగ్రామింగ్‌తో మొదలుపెట్టండి. డిసర్టేషన్‌కు రెండు మూడు చిన్న వీడియోలు మీరే తీసి, స్నేహితులతో రేటింగ్ వేయించి చూడండి. స్కోర్ల కీ మాత్రం మీరొక్కరే రాయకండి, మీ గైడ్‌తో పాటు ఆ పని తెలిసిన మరో ఇద్దరితో విడివిడిగా వేయించండి.