కబడ్డీ రిఫరీ ఫీజుకు ట్యాక్స్ ఉంటుందా? రిటర్న్‌లో ఎక్కడ చూపాలి?

హన్మకొండలో ప్రైవేటు స్కూల్ పీఈటీగా జీతం తీసుకుంటూ, సెలవుల్లో కబడ్డీ, క్రికెట్ మ్యాచ్‌లకు రిఫరీగా, అంపైర్‌గా వెళ్లేవారి సంగతి ఇది. ఆ ఫీజుకు ట్యాక్స్ లెక్క ఉంది. చేతికి నగదు ఇచ్చినా, టీడీఎస్ (డబ్బు ఇచ్చేవాళ్లే ముందుగా పట్టుకునే పన్ను) కోయకపోయినా అది ఆదాయమే. కింద చెప్పేది 2025-26 ఆదాయానికి.

తరచూ వెళ్తున్నారు కాబట్టి దీన్ని జీతంలో కలపకుండా వృత్తి ఆదాయంగా చూపాలి. అంటే జీతగాళ్లు మామూలుగా వేసే రిటర్న్ ఫారం ఐటీఆర్-1 కుదరదు, ఐటీఆర్-3 వేయాలి. అంపైర్లు, రిఫరీలు 2008 నుంచే వృత్తి ఫీజులపై టీడీఎస్ కోయమనే సెక్షన్ 194జె పరిధిలో ఉన్నారు. ఒక సంస్థ ఏడాదిలో 50,000 రూపాయలు దాటి ఇస్తే 10 శాతం కోస్తుంది. కోసింది మీ పేరు మీద జమైన పన్ను చూపే ఫారం 26ఏఎస్‌లో కనిపిస్తుంది, ఎక్కువైతే రిఫండ్ వస్తుంది.

'సెక్షన్ 44ఏడీఏ కింద, ఖర్చుల లెక్క లేకుండా ఫీజులో సగాన్నే ఆదాయంగా చూపిస్తే చాలు' అని చాలామంది సలహా ఇస్తారు. నేనైతే వద్దంటాను. ఆ సెక్షన్ వృత్తుల జాబితాలో అంపైర్లు లేరు. అసలు ఖర్చులు తీసేసుకోవడమే పద్ధతి: విజిల్, రిఫరీ డ్రెస్, ములుగుకో జనగామకో బస్సు ఛార్జీ. కొత్త పన్ను విధానంలోనూ ఇవి చెల్లుతాయి. రసీదులు దాచండి. నిర్వాహకులు ఇచ్చేసిన బస్సు ఛార్జీని మాత్రం మళ్లీ ఖర్చుగా రాయకండి (ఇది మనవాళ్లకు బాగా అలవాటు!).

ఇంకోటి, వృత్తి ఆదాయం ఉంటే పాత, కొత్త విధానాల మధ్య ఏటా మారడం కుదరదు. ఫారం 10-ఐఈఏ ఇచ్చి పాతదానికి వెళ్తే, కొత్తదానికి తిరిగొచ్చే అవకాశం ఒక్కసారే.