డైలాగ్ బాక్స్‌లో ఫోకస్‌ని గాలికొదిలేయకు

తమ్ముడూ,

నువ్వు పంపిన డైలాగ్ (ప్రోగ్రామ్ ఏదైనా అడగడానికి తెరిచే చిన్న విండో) చూశాను. చూడ్డానికి బాగుంది, కానీ మౌస్ పక్కన పెట్టేసి ఒక్క కీబోర్డుతో వాడబోతే మధ్యలో ఆగిపోయాను. చూపు లేనివాళ్లు, తెర మీదున్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో పని చేసేటప్పుడు, ఫోకస్ (కీబోర్డులో కొట్టింది అందుకునే చోటు) ఎక్కడుంటే దాన్నే వింటారు, అది తప్పిపోతే వాళ్లకి మొత్తం స్క్రీన్ పోయినట్టే, అందుకే ఇంత పట్టుబడుతున్నాను.

డైలాగ్ తెరుచుకోగానే ఫోకస్ ఎక్కడుండాలో నువ్వే తేల్చాలి. పేరు అడిగే డైలాగ్ అయితే పేరు రాసే చోట, ఫైల్ డిలీట్ చేయమంటారా అని అడిగేదైతే 'వద్దు' మీద. ఎందుకంటే ఏదో టైప్ చేస్తున్నవాళ్ల ముందుకి అది ఉన్నట్టుండి వస్తే, వాళ్లు కొట్టిన ఎంటర్ వెళ్లి దానికే తగులుతుంది. విండోస్ సొంత ఫంక్షన్లతో, అంటే విన్32లో రాస్తున్నావు కాబట్టి, డైలాగ్ కనబడే ముందు వచ్చే డబ్ల్యూఎం ఇనిట్‌డైలాగ్ మెసేజ్‌లో ఫోకస్ నువ్వే పెట్టినప్పుడు ఫాల్స్ రిటర్న్ చెయ్యి, ట్రూ ఇస్తే సిస్టమ్ తను ఎంచుకున్న కంట్రోల్‌కి (బటనో, రాసే పెట్టెో అలాంటిదానికి) ఇచ్చేస్తుంది. ఆ తర్వాత మార్చాల్సి వస్తే సెట్‌ఫోకస్ ఫంక్షన్ వాడకు, డబ్ల్యూఎం నెక్స్ట్‌డీఎల్‌జీసీటీఎల్ మెసేజ్ పంపు. సెట్‌ఫోకస్‌కి డిఫాల్ట్ బటన్ (ఎంటర్ కొడితే పనిచేసేది) సంగతి పట్టదు, ఒక్కోసారి రెండు బటన్లకి ఆ మందపాటి అంచు కనబడేది అందుకే.

నేను ఆగిపోయింది చివరి పేజీలో. 'నెక్స్ట్' నొక్కగానే ఆ బటన్‌నే డిసేబుల్ చేస్తున్నావు, ఫోకస్ ఇంకా దాని మీదే ఉంది, ఇక ట్యాబ్ కొట్టినా ఎస్కేప్ కొట్టినా ఉలుకూ పలుకూ లేదు. ముందు ఫోకస్‌ని 'ఫినిష్' మీదకి జరుపు, ఆ తర్వాతే దీన్ని డిసేబుల్ చెయ్యి. దాచేసే కంట్రోల్స్‌కీ ఇదే వరస.

మూసేటప్పుడు కూడా వరస ముఖ్యమే. మోడల్ డైలాగ్‌ని (మూసేదాకా వెనక విండోని వాడనివ్వనిదాన్ని) సొంతంగా నడుపుతుంటే, ఆ వెనకున్న ఓనర్ విండోని ముందు ఎనేబుల్ చేసి తర్వాత డైలాగ్‌ని డిస్ట్రాయ్ చెయ్యాలి, తిరగేస్తే వేరే ప్రోగ్రామ్ విండో పైకొచ్చి కూర్చుంటుంది. సిస్టమ్ ఇచ్చే ఎండ్‌డైలాగ్ ఫంక్షన్‌తో మూస్తే ఆ టెన్షన్ లేదు. వెనక్కొచ్చాక ఫోకస్ బయల్దేరిన చోటికే చేరాలి, అది లిస్టులో ఒక వరుసై, దాన్నే డిలీట్ చేసుంటే పక్క వరుసకి.

ట్యాబ్ కొడితే ఫోకస్ కదిలే వరస, డైలాగ్ రూపం రాసుకునే రిసోర్స్ ఫైల్లో కంట్రోల్స్ రాసిన క్రమంలోనే నడుస్తుంది, అక్కడ సర్దుకుంటే చాలు.

ఇంకొకటి, తేదీ తప్పుగా ఉందని ఫోకస్ కదిలేటప్పుడే మెసేజ్ బాక్స్ చూపిస్తున్నావు, అది వెంటనే తీసెయ్. పాపం మనిషి 'క్యాన్సిల్' దగ్గరికి వెళ్దామనుకున్నా వెళ్లనివ్వట్లేదు. 'ఓకే' నొక్కాక చూసుకో, తప్పుంటే చెప్పి కర్సర్‌ని ఆ తేదీలోనే పెట్టు.