కొలువులో కూర్చున్న ఎరప్టర్

మీ అబ్బాయికి ఏడేళ్లనీ, వాడి మేనమామ తన పిల్లలు ఆడి వదిలేసిన స్కైలాండర్స్ అనే వీడియో గేమ్ బొమ్మల డబ్బా ఇస్తానంటున్నాడనీ, బొమ్మ కొంటే తప్ప తలుపు తెరుచుకోని ఆటను పసివాడికి అలవాటు చేయడం మంచిదేనా అనీ అడిగారు. నిస్సందేహంగా తీసుకోండి. ఆ బొమ్మల మీద ఎంత ఖర్చు పెట్టానో ఇప్పటికీ మా ఆవిడకు పూర్తి లెక్క చెప్పని తండ్రిగా ఈ మాట అంటున్నాను.

మేము డాలస్ శివార్లలో ఉన్న రోజుల్లో, 2012 క్రిస్మస్ సెలవులకు ఆ ఆట మా ఇంటికి వచ్చింది. యాక్టివిజన్ 2011లో విడుదల చేసిన మొదటి ఆట, స్పైరోస్ అడ్వెంచర్ అది. సుమారు 70 డాలర్ల పెట్టెలో ఒక డిస్కు, మూడు బొమ్మలు, పోర్టల్ అని పిలిచే గుండ్రటి పీఠం ఉండేవి. బొమ్మను పీఠం మీద నిలబెట్టగానే పీఠం వెలిగి, ఆ బొమ్మే టీవీలోకి దూకి పరుగు మొదలుపెట్టేది. బొమ్మలో బ్యాటరీ ఉండదు. అడుగున ఉన్న చిన్న చిప్ పీఠం నుంచి వచ్చే రేడియో తరంగాలతోనే పనిచేస్తుంది. పిల్లవాడు సంపాదించిన స్థాయి, బంగారం, చివరకు నెత్తిన పెట్టిన టోపీ కూడా ఆ చిప్‌లోనే ఉండిపోతాయి కాబట్టి, బొమ్మను జేబులో వేసుకుని స్నేహితుడి ఇంటికి వెళ్తే అక్కడా అదే బలంతో ఆడుకోవచ్చు.

ఇక మీరు భయపడుతున్న తలుపుల సంగతి. ఆటలో నీరు, నిప్పు, గాలి, మట్టి వంటివి మొత్తం 8 వర్గాలు. ఏ వర్గం తలుపు ఆ వర్గం బొమ్మకే తెరుచుకుంటుంది. పెట్టెలో వచ్చిన మూడు బొమ్మలు మూడు వర్గాలవే కావడంతో, మిగిలిన ఐదింటికి కనీసం ఐదు బొమ్మలు కొనాలి. ఒక్కొక్కటి దాదాపు 8 డాలర్లు. నిజానికి అసలు కథంతా ఆ మూడు బొమ్మలతోనే పూర్తిచేయవచ్చు, ఆ తలుపుల వెనక ఉండేవి పక్క గదులే. ఆ సంగతి ఏడేళ్లవాడికి చెప్పి చూడండి. దానికి తోడు, ఓడిపోయిన బొమ్మ ఆ అధ్యాయం ముగిసేదాకా మళ్లీ బరిలోకి దిగకూడదనే నియమం ఒకటి ఉండేది. అంటే మూడే బొమ్మలున్నవాడికి మూడే అవకాశాలు. ఈ ఆటను రూపొందించినవారు పిల్లలకన్నా పిల్లల తండ్రులనే లోతుగా చదివారని నా గట్టి నమ్మకం.

ఆ సంక్రాంతికి మా అమ్మ తెనాలి నుంచి వచ్చి మా దగ్గరే ఉంది. విమానంలో 23 కిలోల సూట్‌కేసులో పచ్చళ్లు తగ్గించుకుని మరీ నాలుగు కొండపల్లి బొమ్మలు తెచ్చింది. అట్టపెట్టెల మీద పాత పట్టుచీర పరిచి మూడు మెట్ల కొలువు పెట్టింది గాని, నాలుగు బొమ్మలకు మెట్లు బోసిగా కనిపించాయి. దాంతో మనవడి బొమ్మలు అడిగి తీసుకుంది. ఊదారంగు స్పైరోను పై మెట్టు మీద, చేప మొహం గిల్ గ్రంట్‌ను నీళ్ల గిన్నె పక్కన పెట్టింది. అంతకుముందు రోజే కొన్న ఎరప్టర్‌ను, నిప్పులు కక్కే రాతి శరీరం గలవాణ్ణి, కొండపల్లి ఎడ్లబండి పక్కన కాపలాకు నిలబెట్టింది. కత్తీ డాలూ పట్టుకున్న అస్థిపంజరం చాప్ చాప్‌ను మాత్రం "పండగపూట ఎముకల గూడేమిటిరా" అంటూ వెనక్కి ఇచ్చేసింది.

భోగినాడు సాయంత్రం పేరంటాళ్లు వచ్చి హారతి ఇచ్చి వెళ్లారు. ఆ రాత్రే మావాడు ఆటలో నిప్పు తలుపు ముందుకు చేరుకున్నాడు. ఎరప్టర్ కోసం చెయ్యి చాచబోతే మా అమ్మ ఆపింది. కొలువులో కూర్చున్న బొమ్మను కొలువు ఎత్తేదాకా కదపకూడదని ఆమె పట్టుదల. "నానమ్మా, ఒక్క నిమిషం, తలుపు తెరిచి మళ్లీ పెట్టేస్తాను" అని వాడు బతిమాలాడు. వాడి కళ్లలో నీళ్లు చూసి నేను మరో ఎరప్టర్ కొనడానికి కారు తాళం చేతిలోకి తీసుకున్నాను. అదీ నా నిబ్బరం. మా అమ్మ నన్నూ ఆపి, "కనుమ వెళ్లాక తెరువు కన్నా, తలుపు ఎక్కడికీ పోదు" అని వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుంది.

వాడు రెండు రోజులు ఆగాడు. బడి నుంచి వచ్చి కొలువు ముందు కూర్చునేవాడు, ఎడ్లబండికీ ఎరప్టర్‌కీ మధ్య ఏదో కథ అల్లుకునేవాడు. కనుమనాటి రాత్రి కొలువు ఎత్తే ముందు ఒక బొమ్మను పడుకోబెట్టాలి కదా, ఆ పని వాడికే అప్పగిస్తే ఎరప్టర్‌నే పడుకోబెట్టి, పది దాకా లెక్కపెట్టి, ఎత్తుకుని పీఠం దగ్గరికి పరుగెత్తాడు. తలుపు తెరుచుకుంది. లోపల ఒక పెట్టె, పెట్టెలో ఒక టోపీ. "ఇంతేనా?" అంది మా అమ్మ. వాడికి మాత్రం అది కిరీటంతో సమానం.

బొమ్మకు 8 డాలర్లా అని నేను సణిగినప్పుడు ఆమె అన్న మాట వేరు. "కొలువుకి ఏటా ఒక కొత్త బొమ్మ చేర్చాలి. మీ నాన్న కూడా ఇలాగే సణుగుతూ కొనేవారు." దానికి నా దగ్గర జవాబు లేకపోయింది. ఇప్పుడు పిల్లలు ఆటల్లో డబ్బు పోసి కొనే రంగురంగుల వేషాలను ఏ కొలువులో పెట్టగలం? సర్వరు మూతపడితే అవీ పోతాయి. స్కైలాండర్స్ శ్రేణిలో టీవీకి కలిపే ఆట యంత్రాల (కన్సోళ్ల) కోసం కొత్త పెద్ద ఆట 2016 తరువాత రాలేదు, అదే ఏడాది డిస్నీ కూడా ఇలాగే బొమ్మలతో ఆడే తన ఇన్ఫినిటీ ఆటను ఆపేసింది, అయినా ఆ బొమ్మలు ఈనాటికీ పీఠం మీద పెడితే లేచి నిలబడుతున్నాయి. ఎరప్టర్ అయితే మా అమ్మతో పాటు తెనాలి వెళ్లిపోయి, టోపీతో సహా, ప్రతి సంక్రాంతికీ ఎడ్లబండి పక్కనే నిలబడుతున్నాడు.

డబ్బా తీసుకునే ముందు మీ బావమరిదిని ఒక్క సంగతి అడగండి. మొదటి ఆటలో నింటెండో వీ (Wii), ప్లేస్టేషన్ 3 కన్సోళ్ల పీఠాలకు తీగ ఉండదు. కన్సోల్‌కు గుచ్చే వేలెడంత డాంగిల్ ఒకటి విడిగా ఉంటుంది, అది లేకపోతే పీఠం వెలగదు. మాది ఇల్లు మారినప్పుడు పోయింది. పాత సామాన్ల దుకాణంలో మరో పీఠం కొన్నాను గాని, అది ఎక్స్‌బాక్స్ 360ది కావడంతో మా వీకి పనికిరాలేదు, దుకాణంవాడు వెనక్కి తీసుకోలేదు. బొమ్మలు ఎన్ని ఉన్నాయని తరువాత అడగవచ్చు. ముందు డాంగిల్ ఉందో లేదో కనుక్కోండి.