అబద్ధం ఆడలేదు, మోసం చేశాను

మీరు రాసిన సంగతి క్లుప్తంగా ఇది. మీ తమ్ముడికి చిన్నప్పటి నుంచి మూర్ఛ ఉంది, మందులతో అదుపులో ఉంది. సంబంధం చూడటానికి వచ్చినవారు అబ్బాయి ఆరోగ్యం గురించి అడిగితే మీ నాన్నగారు, "మూడేళ్లుగా ఆసుపత్రిలో చేరింది లేదండీ" అన్నారు. ఆ మాట నిజమే. "అబద్ధం ఆడనప్పుడు పాపం ఎక్కడిది? మతాలు అబద్ధానికీ మోసానికీ తేడా చూపిస్తాయా?" అని మీరు అడిగారు.

చూపిస్తాయి. అయితే ఆ తేడా మీ నాన్నగారికి అక్కరకొచ్చేది కాదు. నేను పండితుణ్ణి కాను. నల్లగొండకు దగ్గరలో ఒక పల్లెలో వ్యవసాయం చేసుకుంటూ, కార్తీకమాసం సాయంత్రాల్లో మా ఊరి రామాలయంలో భారతం చదివి అర్థం చెబుతుంటాను. ఈ తేడా ఎన్నోసార్లు నలుగురికీ వివరించాను. నాకు మాత్రం అది మా బోరుబావి దగ్గర తెలిసింది.

పద్నాలుగేళ్ల క్రితం అప్పులు మీద పడి 3 ఎకరాల బత్తాయి తోట అమ్మకానికి పెట్టాను. మా వైపు బత్తాయికి బోరే ప్రాణం. మా బోరు వానలు పడిన నాలుగు నెలలు బాగా పోసేది, శివరాత్రి దాటితే ఆగి ఆగి పోసేది. గంట నడిపితే రెండు గంటలు ఆపాలి. కొనడానికి వచ్చిన రైతు ముస్లిం, నాకన్నా పదేళ్లు పెద్ద. ఆయన వస్తున్నాడని తెలిసి మూడు రోజులు మోటారు ఆపి ఉంచాను. అలా ఆపితే చుట్టూ ఉన్న నీరు బోరులోకి ఊరి మట్టం పైకి వస్తుంది, వేసిన మొదటి గంట పైపు నిండుగా పోస్తుంది. "నీళ్లెలా ఉన్నాయి తమ్ముడూ?" అన్నాడు. స్టార్టరు నొక్కి, "నేను చెప్పడం ఎందుకన్నా, మీరే చూడండి" అన్నాను. రెండించుల నీళ్లు దూకాయి. "మోటారు ఎప్పుడైనా కాలిందా?" అన్నాడు. ఏడేళ్లలో ఒక్కసారి కూడా కాలలేదన్నాను. అదీ నిజమే, నీరు తగ్గిన శబ్దం వినగానే ఆపేసేవాణ్ణి కాబట్టి. ఆ సాయంత్రమే బయానా ఇచ్చి వెళ్లాడు.

మరుసటి మే నెలలో మళ్లీ వచ్చాడు. అప్పటికే సగం చెట్లు ఎండిపోయాయి. గొడవ పెట్టుకుంటాడని, 'నేనేమైనా అబద్ధం చెప్పానా' అనే జవాబు సిద్ధం చేసుకుని గుమ్మంలో నిలబడ్డాను. నేను నోరు తెరవకముందే ఆయన అన్నాడు: "తమ్ముడూ, నువ్వు ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. ఆడినా బాగుండేది. నలుగురిలో కూర్చోబెట్టి అడిగేవాణ్ణి."

ఆ మాట నన్ను ఇప్పటికీ వదలలేదు. అబద్ధమాడినవాడు దొరికిపోయే వీలుంటుంది. మోసపోయినవాడికి "నువ్వు ఇలా అన్నావు" అని పట్టుకోవడానికి ఒక మాట మిగులుతుంది. నేను ఆయనకు అది కూడా మిగల్చలేదు.

వెళ్లేముందు అరుగు మీద కూర్చుని మంచినీళ్లు తాగుతూ ఒక సంగతి చెప్పాడు. ముహమ్మద్ ప్రవక్త ఒకసారి ధాన్యపు రాశి దగ్గర ఆగి లోపలికి చేయి పెట్టారు. వేళ్లకు తడి తగిలింది. ఇదేమిటని అడిగితే వానకు తడిసిందన్నాడు అమ్మేవాడు. "అయితే తడిసినది జనానికి కనబడేలా పైన ఎందుకు పెట్టలేదు? మోసం చేసేవాడు నావాడు కాదు" అన్నారు ప్రవక్త. తర్వాత తెలుసుకుంటే ఇది సహీహ్ ముస్లిం అనే హదీసు గ్రంథంలో, అంటే ప్రవక్త మాటలూ చేతలూ కూర్చిన గ్రంథంలో ఉంది. ఆ అమ్మేవాడు ఏ అబద్ధమూ చెప్పలేదని గమనించండి. అడిగితే ఉన్నదే చెప్పాడు. తప్పంతా రాశి పోసిన తీరులో ఉంది. మా కొనుగోలు కేంద్రంలో వడ్ల తేమ 17 శాతం దాటిందా అని మీటరు పెట్టి చూసే ప్రతిసారీ నాకు రాశిలోకి వెళ్లిన ఆ చేయి గుర్తొస్తుంది.

ఆ ఏడాది కార్తీకంలో ద్రోణపర్వం వచ్చేసరికి నాకు గొంతు పెగల్లేదు. కథ మీకు తెలిసిందే. భీముడు మాళవరాజు ఇంద్రవర్మ ఏనుగును చంపి, అశ్వత్థామ చచ్చాడని అరిచాడు. ద్రోణుడు నమ్మలేదు, ధర్మరాజు నోట వినాలన్నాడు. ధర్మరాజు "అశ్వత్థామ చనిపోయాడు" అని పైకి అని, ఏనుగు అన్న మాట వినీవినబడకుండా అన్నాడు. అంతవరకు నేలకు నాలుగంగుళాల ఎత్తున నడిచిన ఆయన రథం నేలకు దిగింది. ఇన్నేళ్లూ నేను రథం గురించే చెప్పేవాణ్ణి. సంస్కృత మూలంలో ఆ చోట ధర్మరాజును వర్ణించిన తీరు మీద నా దృష్టి ఎప్పుడూ నిలవలేదు: అసత్యమంటే భయంలో మునిగి ఉన్నాడు, గెలుపు మీద ఆసక్తితో ఉన్నాడు. స్టార్టరు మీద వేలు పెట్టినప్పుడు నేనూ సరిగ్గా అలాగే ఉన్నాను.

స్వర్గారోహణ పర్వంలో దీనికి తీర్పు ఉంది. దాని గురించి మాట్లాడుకునేవారు తక్కువ. స్వర్గానికి చేరిన ధర్మరాజుకు నరకం చూపిస్తారు. చీకట్లో తమ్ముళ్ల ఆక్రందన వినబడుతుంది. ఆ తర్వాత ఇంద్రుడు వచ్చి అసలు సంగతి చెబుతాడు: ద్రోణుణ్ణి కొడుకు విషయంలో వ్యాజంతో వంచించావు, కాబట్టి నీకు నరకాన్ని కూడా వ్యాజంతోనే చూపించాం. అక్కడ నేరానికి పెట్టిన పేరు వ్యాజం, అంటే నెపం, కపటం. "కుంజరః అన్నాడు కదా" అని మనం చేసే వాదన ఇంద్రుడి దగ్గర చెల్లలేదు.

యోగసూత్రాల మీద ఉన్న వ్యాసభాష్యం సత్యమంటే ఏమిటో చెప్పేటప్పుడు ఈ ముడి విప్పుతుంది. మనకు తెలిసినది ఎదుటివారి మనసులోకి చేర్చడానికే మాట పుట్టింది. ఆ మాట వంచించకూడదు, భ్రమతో కూడి ఉండకూడదు, అర్థం అందించకుండా పోకూడదు అంటుంది. ఇక్కడ వంచనకు, ఆ భాష్యానికి వ్యాఖ్య రాసిన వాచస్పతి మిశ్రుడు ఇచ్చిన ఉదాహరణ ఈ ధర్మరాజే. అంటే కొలవవలసింది ఎదుటివారి మనసులోకి ఏం చేరిందో దాన్ని. మీ నాన్నగారి మాట విన్నాక అమ్మాయి తండ్రి మనసులోకి చేరింది "కుర్రవాడికి ఏ జబ్బూ లేదు" అన్నది. మీ నాన్నగారికి తెలిసినది అది కాదు.

క్రైస్తవుల గ్రంథంలోనూ దీనికి దగ్గరి కథ ఉంది, అదీ భూమి అమ్మకం గురించే. అపొస్తలుల కార్యములు 5వ అధ్యాయంలో అననీయ పొలం అమ్మి, కొంత దాచుకుని, మిగిలినది తెచ్చి మొత్తం ఇదేనన్నట్టు అపొస్తలుల పాదాల దగ్గర పెడతాడు. అతని నోటి నుంచి ఒక్క మాట కూడా ఆ కథలో వినబడదు. పేతురు మాత్రం "నీవు మనుష్యులతో కాదు దేవునితోనే అబద్ధమాడితివి" అంటాడు.

ఇక్కడ ఒక అభ్యంతరం ఉంది, దాన్ని దాటేసి వెళ్లడం న్యాయం కాదు. నిజమైన మాటతో తప్పించుకోవడాన్ని మెచ్చుకున్న సంప్రదాయం కూడా ఉంది. అతనాసియస్ అనే బిషప్పును నైలు నదిలో పడవల మీద తరుముతున్నవారు, ఎవరని గుర్తుపట్టక ఆయన్నే "అతనాసియస్ దగ్గర్లో ఉన్నాడా?" అని అడిగితే "ఎంతో దూరంలో లేడు" అని చెప్పి బయటపడ్డాడంటారు. తరువాతి కాలంలో ఈ ఉపాయాన్ని కొందరు ఎంత దూరం లాగారంటే, పైకి సగం మాట అని మిగతా సగం మనసులో అనుకుంటే చాలు, అబద్ధం కాదన్నారు. 1679లో పోపు 11వ ఇన్నోసెంట్ ఆ బోధను ఖండించాడు. ఇస్లాం పండితుల్లోనూ అన్యాయం నుంచి తప్పించుకోవడానికి రెండర్థాల మాటను ఒప్పుకున్నవారున్నారు. నాకు అర్థమైనంతవరకు వీటన్నిటిలో అడిగేవాడు తరుముతున్నవాడు, నిజం చెబితే ప్రాణం తీసేవాడు. నా బోరు చూడటానికి వచ్చినవాడు నన్ను తరమలేదు. నమ్మి వచ్చాడు.

అలాంటి ఘడియలో మా నాయనమ్మ ఏం చేసిందో చెబుతాను. 1948లో రజాకార్లు మా ఊరి మీద పడినప్పుడు నిజాం పాలనను ఎదిరించే సంఘంలో తిరిగే ఇద్దరు కుర్రవాళ్లను ఇంటి వెనక గడ్డివాములో దాచింది. "ఇంట్లో ఎవరున్నారు?" అన్నారు. "ఇంట్లో ఎవరూ లేరు" అంటే సరిపోయేది, గడ్డివాము ఇంట్లో లేదు కదా. ఆమె అంతటితో ఆగలేదు. ఏడాది నిండని మా నాన్నను చంకన వేసుకుని, "ఇటువైపు ఎవరూ రాలేదు, నేనెవరినీ చూడలేదు" అని ముఖాన చెప్పింది. అచ్చమైన అబద్ధం. కర్ణపర్వంలో కృష్ణుడు చెప్పిన కౌశికుడు దీనికి తలకిందులు: నిజమే చెప్పే వ్రతం పట్టి, పారిపోయినవారు ఎటు వెళ్లారో దొంగలకు చూపించి, వాళ్ల చావుకు కారణమై నరకానికి పోయాడు.

నా చిన్నప్పుడు నాయనమ్మతో అమావాస్యకు చెరువుగట్టు వెళ్లేవాణ్ణి. జడల రామలింగేశ్వరస్వామి ముందు నిలబడి ఆమె పైకే అనేది: "స్వామీ, ఆ రోజు అబద్ధమాడాను. మళ్లీ అడిగితే మళ్లీ ఆడతాను." ఆ అబద్ధాన్ని ఆమె ఎన్నడూ నిజమని పిలవలేదు. నేను ఆరు నెలలపాటు నా పనికి నిజమనే పేరు పెట్టుకుని నిద్రపోయాను. దేవుడి ముందు చెప్పుకోవడానికి నాకు ఏ తప్పూ కనబడలేదు. నిజమైన మాటలతో చేసిన మోసం చేసినవాణ్ణి అంత గుడ్డివాణ్ణి చేస్తుంది.

వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చేయాలన్న సామెతా, పెళ్లి విషయంలో బొంకవచ్చన్న భాగవత పద్యమూ మీ ఇంట్లో ఎవరో ఒకరు తప్పక ఎత్తుతారు. ఆ పద్యం శుక్రాచార్యుడు బలిచక్రవర్తికి చెప్పినది. బలి ఆ సలహా తీసుకోలేదు. పైగా ఆ ఘట్టంలో వచ్చిన వటువు విష్ణువని శుక్రుడు ముందే గుట్టు విప్పాడు. బలి అన్నీ తెలిసే మూడడుగులు ఇచ్చాడు. మీరు సంబంధం మాట్లాడుతున్న అమ్మాయికి ఆ తెలిసే అవకాశం ఇంకా రాలేదు.

ఆ మే నెల తర్వాత వారానికి నేనే ఆయన ఇంటికి వెళ్లాను. ఒక్కటే అడిగాడు: "నేను వచ్చే ముందు మోటారు ఆపి ఉంచావా?" "మూడు రోజులు" అన్నాను. ఎండిన తోటకు తగ్గట్టు ధరలో కొంత రెండేళ్లలో తిరిగి ఇచ్చాను. ఎండిన చెట్లకు మాత్రం నేనేమీ చేయలేకపోయాను.

మీ తమ్ముడి విషయంలో ఇంకా ఏదీ ఎండిపోలేదు. 1999 సవరణతో హిందూ వివాహ చట్టంలో మూర్ఛ పెళ్లికి అడ్డు కాకుండా పోయింది. ముఖ్యమైన సంగతి దాచి మోసంతో సమ్మతి తీసుకుంటే ఆ పెళ్లిని రద్దు చేయమని కోరే వీలు మాత్రం అదే చట్టం 12వ సెక్షన్‌లో ఇప్పటికీ ఉంది. మందులతో అదుపులో ఉన్నవారు పెళ్లి చేసుకుని పిల్లాపాపలతో హాయిగా ఉంటున్నారు కాబట్టి చెప్పడానికి భయపడవలసింది అంతగా లేదు. డాక్టరు చీటీలు తీసుకుని, లగ్నపత్రిక రాయించేలోపే మీరూ మీ తమ్ముడూ వెళ్లండి. మీ తమ్ముడి నోటితోనే చెప్పించండి. అమ్మాయి తండ్రికి చెప్పి వచ్చేయకండి, అమ్మాయిని కూడా కూర్చోబెట్టి చెప్పండి.